పవర్ బ్యాలడ్‌లు, పాత కాన్సర్ట్‌లు: ఆ మోజు ఎందుకు తగ్గడం లేదు?

క్లుప్తంగా: 1970, 80ల నాటి రాక్ బ్యాండ్‌లు పాడిన నెమ్మదైన ప్రేమ పాటలంటే (వీటినే పవర్ బ్యాలడ్‌లు అంటారు) ఇప్పటికీ అంత ఇష్టం ఉండటానికి పాట బాగుండటం ఒక్కటే కారణం కాదు. ఆ పాటల్ని కట్టిన తీరే వేలమంది కలిసి పాడుకునేలా ఉంటుంది. రేడియో, ఎంటీవీ వాటిని టీనేజీ పిల్లల ఇళ్లలోకి చేర్చాయి. జ్ఞాపకాలు గట్టిగా నిలబడే వయసులో వాళ్లు వాటిని విన్నారు. ఆ తరం ఇప్పుడు 50, 60ల్లో ఉంది, చేతిలో డబ్బుంది, వేదిక మీద గాయకులేమో ముసలివాళ్లవుతున్నారు. టికెట్ ధరల గొడవ, వీడ్కోలు టూర్లు, డిజిటల్ బొమ్మల షోలు అన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

ఇప్పుడే ఎందుకీ చర్చ

2023 డిసెంబర్ 2న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కిస్ బ్యాండ్ చివరి షో చేసింది. 2024 ఆగస్టులో ఏరోస్మిత్ ఇక టూర్లు మా వల్ల కాదని చెప్పేసింది, గాయకుడు స్టీవెన్ టైలర్ గొంతుకు అంతకుముందు ఏడాది తగిలిన దెబ్బ పూర్తిగా మానలేదు. 2025 జూలై 5న రాక్ గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ తన సొంత ఊరు బర్మింగ్‌హామ్‌లో కుర్చీలో కూర్చునే చివరిసారి పాడాడు. ఆ రోజు పాడినవాటిలో ‘మామా, ఐయామ్ కమింగ్ హోమ్’ అనే 1991 నాటి బ్యాలడ్ కూడా ఉంది, అప్పుడు జనంలో చాలామంది కళ్లు తుడుచుకున్నారు. ఇంకో 17 రోజులకు ఆయన చనిపోయాడు.

ఇలా ఒక్కొక్కరే తప్పుకుంటుంటే మిగిలినవాళ్ల షోలకు గిరాకీ ఇంకా పెరుగుతోంది. అదే పాట ఫోన్‌లో దాదాపు ఉచితంగా దొరుకుతున్నప్పుడు, గొంతు సగం పోయిన గాయకుణ్ణి దూరం నుంచి చూడటానికి జనం వందల డాలర్లు ఎందుకు పెడతారన్నది బయటినుంచి చూసేవాళ్లకు అర్థం కాదు. అది అర్థం కావాలంటే ముందు ఆ పాట లోపల ఏముందో చూడాలి.

పల్లవి కోసం ఎదురుచూపు

మన సినిమా పాటలో పల్లవి ముందే వచ్చేస్తుంది, పాట ముఖం మొదటి అరనిమిషంలోనే కనిపించిపోతుంది, చరణాలు ఆ తర్వాత. పవర్ బ్యాలడ్ నడక దీనికి తలకిందులు. మొదట ఒక్క పియానో, లేదంటే మామూలు అకూస్టిక్ గిటార్. గాయకుడు కింది స్థాయిలో, దాదాపు మాట్లాడుతున్నట్టుగా, చరణం ఎత్తుకుంటాడు. డ్రమ్స్ ఉండవు, ఉన్నా వినీ వినిపించనట్టుంటాయి. పల్లవి రావడానికి ఒక నిమిషం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. వచ్చిందంటే మాత్రం డ్రమ్స్, డిస్టార్షన్ పెట్టి కావాలనే గరగరలాడించిన ఎలక్ట్రిక్ గిటార్, వెనక పాడే గొంతులు అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి, గాయకుడు తారస్థాయిలో ఉంటాడు. తర్వాత గిటార్ సోలో. కొన్ని పాటల్లో ఆఖరి పల్లవికి శృతి ఒక మెట్టు పైకి జరుగుతుంది.

ఆ పల్లవిలో మాటలు తక్కువ, అచ్చులు పొడుగు, పదేపదే వచ్చే ఒకే వాక్యం. ఇది కవిత్వం చేతకాక చేసిన పని కాదు. పదిహేను, ఇరవై వేలమంది ఒకేసారి పాడాలంటే గబగబా దొర్లే మాటలు పనికిరావు, హాలు ఆ చివరికి వెళ్లేసరికి కలగాపులగం అయిపోతాయి. సాగదీసి పాడగల ఒక పెద్ద అచ్చు అయితే ఎవరి శృతి ఎలా ఉన్నా గుంపులో కలిసిపోతుంది. ఫారినర్ బ్యాండ్ 1984లో విడుదల చేసిన ‘ఐ వాంట్ టు నో వాట్ లవ్ ఈజ్’ పాటలో న్యూజెర్సీ మాస్ క్వయర్ అనే గాస్పెల్ (చర్చి పాటల) బృందం చేత పాడించారు. అంటే జనం పాడాల్సిన భాగం రికార్డులోనే ఉంది, విన్నవాళ్లకు తమ చోటు ఎక్కడో ముందే తెలిసిపోయేది. ఆ పాట అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ హిట్ పాటల జాబితాలో మొదటి స్థానానికి చేరింది.

ఇంకో విషయం ధ్వని. 80ల రికార్డుల్లో డ్రమ్స్‌కీ గొంతుకీ ప్రతిధ్వని బాగా కలిపేవాళ్లు. చిన్న గదిలో, చిన్న టేప్ రికార్డర్‌లో విన్నా పెద్ద స్టేడియంలో కూర్చున్నట్టు అనిపించేది. కాన్సర్ట్‌కి ఎప్పుడూ వెళ్లని పిల్లలు కూడా ఆ హాలు శబ్దానికి ముందే అలవాటుపడిపోయారు.

రోడ్డు మీద తయారైన బ్యాండ్‌లు

మొదటి పవర్ బ్యాలడ్ ఏది అన్నదానిపై వాదనలు ఉన్నాయి. చాలామంది చెప్పేది కార్పెంటర్స్ 1972లో పాడిన ‘గుడ్‌బై టు లవ్’. మెత్తని పాటలకు పేరుపడ్డ ఆ అన్నాచెల్లెళ్లు ఆ పాటలో టోనీ పెలూసో చేత గరగరలాడే ఎలక్ట్రిక్ గిటార్ సోలో వాయింపించారు, పాత అభిమానుల్లో కొందరు కోపంగా ఉత్తరాలు కూడా రాశారు. అంతకు ముందు ఏడాదే లెడ్ జెపెలిన్ ‘స్టెయిర్‌వే టు హెవెన్’ వచ్చింది. మెల్లగా మొదలై ఎనిమిది నిమిషాల్లో పిడుగులా మారే పాట అది, అమెరికాలో సింగిల్‌గా, అంటే విడి పాటగా, విడుదలే కాలేదు, అయినా రేడియోలు వదల్లేదు. 1973లో ఏరోస్మిత్ ‘డ్రీమ్ ఆన్’ వచ్చింది, దాన్ని మళ్లీ విడుదల చేశాక 1976లో గానీ పెద్ద హిట్ కాలేదు.

అప్పటికే అమెరికాలో రాక్ షోలు థియేటర్ల నుంచి బాస్కెట్‌బాల్, ఐస్ హాకీ ఆడే ఇండోర్ స్టేడియాలకు మారిపోయాయి. సౌండ్ సిస్టమ్‌లు మెరుగయ్యాయి, ట్రక్కుల్లో సామాను వేసుకుని ఏడాదిలో ఎక్కువ రోజులు ఊరూరా తిరిగే బ్యాండ్‌లు తయారయ్యాయి. 1976లో పీటర్ ఫ్రాంప్టన్ లైవ్ ఆల్బమ్ లక్షల్లో అమ్ముడుపోయేసరికి కంపెనీలకు ఒక సంగతి తెలిసొచ్చింది: జనం కొంటున్నదాంట్లో హాలు చప్పుడు, జనం కేకలు కూడా ఉన్నాయి.

ఆర్ఈవో స్పీడ్‌వ్యాగన్ కథ చూస్తే ఇది ఎలా పనిచేసిందో తెలుస్తుంది. 1967లో ఇల్లినాయిలోని ఒక యూనివర్సిటీ ఊళ్లో పుట్టిన ఈ బ్యాండ్ పదేళ్లకు పైగా రోడ్ల మీదే బతికింది, మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో మంచి పేరుంది గానీ దేశమంతా తెలిసిన హిట్ లేదు. 1981 మార్చిలో ‘కీప్ ఆన్ లవింగ్ యూ’ అనే బ్యాలడ్ మొదటి స్థానానికి వెళ్లింది, ఆ ఆల్బమ్ ఆ ఏడాది 15 వారాలు అగ్రస్థానంలో ఉంది. మరుసటి ఏడాది జర్నీ ‘ఓపెన్ ఆర్మ్స్’ ఆరు వారాలు రెండో స్థానంలో నిలిచింది. తమాషా ఏంటంటే ఆ బ్యాండ్ గిటారిస్ట్ నీల్ షాన్‌కు మొదట్లో ఆ పాట పెద్దగా నచ్చలేదు, తమ రాక్ పేరుకు మరీ మెత్తగా ఉందనిపించింది. హాల్లో జనం దాన్ని తమ పాటగా చేసుకున్నారు.

కంపెనీల లెక్క, ఎంటీవీ కిటికీ

హార్డ్ రాక్ వినేవాళ్లలో అబ్బాయిలే ఎక్కువ, వాళ్లు ఆల్బమ్ కొనేవాళ్లు, షోలకు వచ్చేవాళ్లు. కానీ పెద్ద రేడియో స్టేషన్‌లు ఆ గోల పాటలు పగటిపూట వేసేవి కావు. ఒక బ్యాలడ్ ఉంటే ఆ తలుపు తెరుచుకునేది, అమ్మాయిలు కూడా వినేవాళ్లు, హాల్లో సగం కుర్చీలు కొత్తవాళ్లతో నిండేవి. అందుకే 80ల రెండో సగానికి ఒక పద్ధతి స్థిరపడింది: మొదట ఒకటి రెండు జోరు పాటలు వదిలి పాత అభిమానుల్ని పట్టుకోవడం, ఆ తర్వాత బ్యాలడ్ వదిలి మిగతా దేశాన్ని పట్టుకోవడం. పాయిజన్ బ్యాండ్ ‘ఎవ్రీ రోజ్ హాజ్ ఇట్స్ థార్న్’ ఆ ఆల్బమ్ నుంచి వచ్చిన మూడో సింగిల్, 1988 డిసెంబర్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. ఇది వ్యాపారమే, అందులో దాచిపెట్టేదేమీ లేదు. కానీ వ్యాపారం కోసం పుట్టిన పాటలో నిజమైన బాధ ఉండదని అనుకోవడం మాత్రం పొరపాటు, ఆ పాటను గాయకుడు బ్రెట్ మైకేల్స్ తన సొంత ప్రేమ తెగిపోయినప్పుడు రాసుకున్నాడు.

ఇక ఎంటీవీ. 1981 ఆగస్టు 1న మొదలైన ఆ చానల్ కాన్సర్ట్ అన్న మాటకున్న అర్థాన్నే పెంచింది. చాలా బ్యాలడ్ వీడియోలకు కథ ఉండదు. బస్సు కిటికీ దగ్గర కూర్చుని ఎటో చూస్తున్న గాయకుడు, ఖాళీ హాల్లో సౌండ్ చెక్, షో ముందు చీకటి గదులు, ఆపైన లైట్ల వెలుగులో వేలాది చేతులు. జర్నీ 1983లో చేసిన ‘ఫెయిత్‌ఫుల్లీ’ వీడియో, మాట్లీ క్రూ 1985లో చేసిన ‘హోమ్ స్వీట్ హోమ్’ వీడియో ఈ వరసే. ఇవి తీయడానికి ఖర్చు తక్కువ, ఫలితం మాత్రం పెద్దది. ఎక్కడో చిన్న ఊళ్లో ఉన్న పద్నాలుగేళ్ల పిల్లకు కాన్సర్ట్ అంటే ఎలా ఉంటుందో, అక్కడ జనం ఏం చేస్తారో, ఎప్పుడు చేతులెత్తుతారో అన్నీ ముందే తెలిసిపోయేవి. ‘హోమ్ స్వీట్ హోమ్’ కోసం ప్రేక్షకులు ఎన్ని నెలలపాటు ఫోన్లు చేశారంటే, పాత వీడియోల్ని కొన్నాళ్లకు ప్రేక్షకులు కోరే వీడియోల జాబితా నుంచి తప్పించాలని చానల్ ఒక నియమమే పెట్టుకోవాల్సి వచ్చింది.

ఇంత ముందస్తు తయారీతో వెళ్లిన మొదటి కాన్సర్ట్ ఎవరికైనా మామూలు సాయంత్రంలా మిగలదు.

ఆ వయసు, ఆ పాట

వయసు మళ్లినవాళ్లను జీవితంలో గుర్తున్న సంగతులు చెప్పమంటే సుమారు 10 నుంచి 30 ఏళ్ల మధ్య జరిగినవి ఎక్కువగా వస్తాయి. దీన్నే మనస్తత్వ శాస్త్రంలో రెమినిసెన్స్ బంప్ అంటారు. కారణాలు ఒకటి కాదు. మొదటి ఉద్యోగం, మొదటి ప్రేమ, ఇంటికి దూరంగా మొదటి రాత్రి, ఇవన్నీ ఆ కాలంలోనే గుమిగూడి ఉంటాయి, ‘నేనెవరు’ అన్నదానికి జవాబు కూడా అప్పుడే కుదురుకుంటుంది. 1989లో హోల్‌బ్రూక్, షిండ్లర్ అనే ఇద్దరు పరిశోధకులు వేర్వేరు వయసులవాళ్లకు వేర్వేరు కాలాల హిట్ పాటలు వినిపించి చూస్తే, తమకు సుమారు 23, 24 ఏళ్లున్నప్పుడు వచ్చిన పాటల మీదే వాళ్ల ఇష్టం ఎక్కువగా కనిపించింది. ఆ వయసు అందరికీ అచ్చంగా అదే అని కాదు, కానీ యవ్వనంలో విన్న పాటకు ప్రత్యేక స్థానం ఉంటుందన్న మాట మిగతా పరిశోధనల్లోనూ నిలబడింది.

ఎదురుచూపు సంగతి 2011లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ పరిశోధనలో బయటపడింది. ఎవరికి ఒళ్లు జలదరించే సంగీతం వాళ్లే తెచ్చుకుని వింటుంటే మెదడులో డోపమైన్ అనే, ఆనందంతో ముడిపడిన రసాయనం ఎక్కడ విడుదలవుతోందో చూశారు. ఆ ఘట్టం వచ్చినప్పుడే కాదు, అది రాబోతోందని తెలిసిన కొన్ని సెకన్ల ముందు కూడా, మెదడులో వేరే చోట, డోపమైన్ విడుదలైంది. వాళ్లు విన్నవి పవర్ బ్యాలడ్‌లు కావు, కాబట్టి ఈ ఫలితాన్ని నేరుగా వీటికి అంటగట్టకూడదు. అయినా పల్లవిని వీలైనంత ఆలస్యం చేసి, అది వస్తోందని డ్రమ్స్‌తో ముందే చెప్పి, ఆ తర్వాత అందించే పాట మనుషుల్ని ఎందుకంత పట్టేస్తుందో అర్థం చేసుకోవడానికి ఇది పనికొస్తుంది. వందోసారి వింటున్నా ఆ ఎదురుచూపు తగ్గదు, ఎందుకంటే ఏం రాబోతోందో తెలియడమే దాని రుచి.

ఇంకొకటి, చాలామంది గమనించనిది. 2013లో కార్నెల్ యూనివర్సిటీ తరఫున వచ్చిన ఒక అధ్యయనంలో సుమారు 20 ఏళ్ల విద్యార్థులకు గత ఐదారు దశాబ్దాల పాటలు వినిపించారు. తమ కాలం పాటలతో పాటు 80ల మొదట్లో వచ్చిన పాటలు కూడా వాళ్లకు బాగా తెలుసు, ఇష్టం కూడా. అది వాళ్ల అమ్మానాన్నల యవ్వనకాలం. కారులో, వంటింట్లో పెద్దవాళ్లు పెట్టిన పాటలు పిల్లల జ్ఞాపకాల్లోకి కూడా చేరిపోయాయన్నమాట. ఈ బ్యాండ్‌ల షోలలో ఇరవై ఏళ్ల పిల్లలు కూడా మాట తప్పకుండా పాడుతూ కనిపించడానికి ఇదొక కారణం.

అయితే ఒక జాగ్రత్త అవసరం. ‘అప్పటి పాటలే పాటలు’ అన్న మాటలో జల్లెడ పనితనం చాలా ఉంది. 1985లో చార్టుల్లోకి వచ్చిన పాటల్లో అత్యధికం ఇప్పుడెవరికీ గుర్తులేవు. నిలిచిన కొన్నింటిని ఈ ఏడాది వచ్చిన అన్ని పాటలతో పోల్చడం సరైన పోలిక కాదు.

అప్పటి కాన్సర్ట్ నిజంగా ఎలా ఉండేది

జ్ఞాపకంలో మిగిలేది లైటర్ల వెలుగు. బ్యాలడ్ మొదలవగానే హాలంతా చీకటి చేసేవాళ్లు, జనం జేబుల్లోంచి సిగరెట్ లైటర్లు తీసి వెలిగించేవాళ్లు. అప్పట్లో పొగతాగడం అంత మామూలు కాబట్టే అన్ని లైటర్లు ఉండేవి, ఇప్పటివాళ్లకు ఇది చెప్తే తప్ప తోచదు.

దాని ముందూ వెనకా ఉన్నవి కూడా చెప్పుకోవాలి. టికెట్ కోసం రికార్డుల షాపు ముందో, హాలు ముందో రాత్రంతా వరసలో పడుకోవాలి. ఎవరి కారులో వెళ్లాలి, ఇంట్లో ఏమని చెప్పాలి, మిగిలిన డబ్బుతో టీషర్టు వస్తుందా రాదా, ఇవన్నీ పెద్ద సమస్యలే. ఆ వరసల్లో స్నేహాలు కలిశాయి, పెళ్లిళ్ల దాకా వెళ్లినవీ ఉన్నాయి. ఈ కష్టమే జ్ఞాపకాన్ని గట్టిపరిచింది అనడం అతిశయోక్తి కాదు, సులువుగా దొరికిన సాయంత్రాలు అంతగా గుర్తుండవు.

భద్రత మాత్రం ఘోరంగా ఉండేది. 1979 డిసెంబర్ 3న సిన్సినాటిలో ద హూ బ్యాండ్ షోకి ముందు, ఎవరు ముందొస్తే వాళ్లకు ముందు చోటు అన్న పద్ధతిలో అమ్మిన టికెట్లతో జనం తలుపుల దగ్గర నొక్కుకుపోయి 11 మంది చనిపోయారు. చనిపోయినవాళ్లలో చాలామంది టీనేజీ పిల్లలే. 2003 ఫిబ్రవరిలో రోడ్ ఐలాండ్‌లోని ఒక చిన్న క్లబ్బులో 80ల నాటి గ్రేట్ వైట్ బ్యాండ్ వాయిస్తుండగా బాణసంచాతో నిప్పంటుకుని 100 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లలో ఎంతోమంది తమ యవ్వనం నాటి పాటలు మళ్లీ విందామని వచ్చినవాళ్లు. పాతరోజుల గురించి మాట్లాడేటప్పుడు ఈ ఘటనలు మర్చిపోకూడదు. ఇప్పటి తనిఖీలు, నంబరు కుర్చీలు, బయటికి వెళ్లే దారుల నియమాలు చాదస్తంగా అనిపించినా ఇలాంటి అనుభవాల వల్లే కట్టుదిట్టమయ్యాయి.

లైటర్ల స్థానంలో ఇప్పుడు ఫోన్ లైట్లు వచ్చాయి, చూడ్డానికి అదే దృశ్యం. తేడా ఏంటంటే అదే చేతిలోది రికార్డు కూడా చేస్తుంది. ఫొటో తీస్తే జ్ఞాపకం బలపడుతుందా, తగ్గుతుందా అన్న ప్రశ్నకు పూర్తి జవాబు లేదు, మ్యూజియంలో వస్తువుల ఫొటోలు తీసినవాళ్లకు ఆ వస్తువులు తక్కువగా గుర్తున్నాయని అమెరికన్ పరిశోధకురాలు లిండా హెంకెల్ చూపించింది, కానీ మ్యూజియం వేరు, ఇరవై వేలమంది పాడుతున్న హాలు వేరు. ఒకటి మాత్రం స్పష్టం: 1984లో షోకి వెళ్లినవాళ్ల దగ్గర మిగిలింది చింపిన టికెట్ ముక్క, పక్కనున్న స్నేహితుడు, అంతే. ఆ రాత్రి గురించి మళ్లీ మళ్లీ చెప్పుకుంటేనే అది నిలుస్తుంది, చెప్పిన ప్రతిసారీ ఇంకాస్త అందంగా తయారవుతుంది కూడా.

పరువు పోయి, తిరిగొచ్చి

1991 సెప్టెంబర్‌లో నిర్వాణ బ్యాండ్ ఆల్బమ్ ‘నెవర్‌మైండ్’ వచ్చింది, 1992 జనవరికి మైకేల్ జాక్సన్ ఆల్బమ్‌ను తోసేసి మొదటి స్థానంలో కూర్చుంది. పొడుగు జుట్టు, తోలు ప్యాంట్లు, కన్నీటి పల్లవులు రాత్రికి రాత్రి పాతబడ్డాయని అంటారు. నిజానికి అది అంత హఠాత్తుగా జరగలేదు. మిస్టర్ బిగ్ ‘టు బి విత్ యూ’ 1992లో మొదటి స్థానానికి చేరింది, గన్స్ ఎన్ రోజెస్ ‘నవంబర్ రెయిన్’ దాదాపు తొమ్మిది నిమిషాల నిడివితో 1992లోనే హిట్ అయింది. పడిపోయింది పాటల పరువు. ఆ తర్వాత పదేళ్లు ఇవి బాగున్నాయని బహిరంగంగా అనడానికి సంగీతం తెలిసినవాళ్లు జంకేవారు.

తిరిగి తెచ్చింది టీవీ, ఇంటర్నెట్. 2007 జూన్ 10న ‘ద సోప్రానోస్’ సీరియల్ ఆఖరి సన్నివేశంలో జర్నీ పాట ‘డోంట్ స్టాప్ బిలీవింగ్’ వినిపించింది, 2009లో ‘గ్లీ’ సీరియల్ పిల్లలు దాన్నే పాడారు. అదే 2007లో నీల్ షాన్ కొత్త గాయకుడి కోసం యూట్యూబ్‌లో వెతుకుతూ మనీలాలో ఇతరుల పాటలు పాడుకునే ఆర్నెల్ పినేడాను కనుక్కున్నాడు. ఫిలిప్పీన్స్‌లో పెరిగి, చిన్నప్పుడు వీధుల్లో పడుకున్న మనిషి ఆ పాత పల్లవుల్ని అమెరికా స్టేడియాల్లో పాడుతున్నాడంటే ఈ పాటలు ఎంత దూరం ప్రయాణించాయో తెలుస్తుంది. ‘నవంబర్ రెయిన్’ వీడియో 2018లో యూట్యూబ్‌లో వంద కోట్ల వీక్షణలు దాటింది, 90ల వీడియోల్లో అది మొదటిది.

టికెట్ ధర ఎందుకింత

1969 వుడ్‌స్టాక్ సంగీతోత్సవం మూడు రోజులకు ముందుగా కొంటే టికెట్ 18 డాలర్లు. 1994లో ఈగిల్స్ బ్యాండ్ మళ్లీ కలిసి చేసిన టూర్‌లో మంచి సీటు వంద డాలర్లు దాటేసరికి పెద్ద గగ్గోలు రేగింది. అదే ఏడాది పెర్ల్ జామ్ బ్యాండ్ టికెట్లమ్మే కంపెనీ టికెట్‌మాస్టర్ మీద అమెరికా న్యాయశాఖకు ఫిర్యాదు చేసింది, ఫలితం రాలేదు. ఆర్థికవేత్త అలన్ క్రూగర్ లెక్క ప్రకారం 1996 నుంచి 2003 మధ్య అమెరికాలో కాన్సర్ట్ టికెట్ సగటు ధర 82 శాతం పెరిగింది, మామూలు ధరలేమో 17 శాతమే పెరిగాయి.

ఆ కాలంలో జరిగిన పెద్ద మార్పు 1999లో వచ్చిన నాప్‌స్టర్, ఇంటర్నెట్‌లో పాటల్ని ఒకరికొకరు పంచుకునే సాఫ్ట్‌వేర్. పాటలు ఉచితంగా చేతులు మారడం మొదలయ్యాక రికార్డుల అమ్మకం పడిపోయింది. అంతకు ముందు బ్యాండ్‌లు ఆల్బమ్ అమ్ముకోవడానికి టూర్లు చేసేవి, టికెట్ చౌకగా ఉంచినా అభిమాని ఇంటికెళ్లి రికార్డు కొంటాడన్న ధైర్యం ఉండేది. అది పోయాక టికెట్టే ఆదాయం అయింది. ఇకపై బతకాలంటే టూర్లు చేయడమే దారి అని డేవిడ్ బోవీ 2002లోనే ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు.

2010లో షోలు పెట్టే లైవ్ నేషన్, టికెట్లమ్మే టికెట్‌మాస్టర్ ఒక్కటయ్యాయి. 2022లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ టికెట్లలో కొన్ని గిరాకీని బట్టి మారే ధర పద్ధతిలో 5,000 డాలర్ల దాకా పోయాయి. కార్మికుల గురించి పాడే గాయకుడి షోకి కార్మికుడు వెళ్లలేడా అని అభిమానులు మండిపడ్డారు. అవతలి వాదన కూడా ఉంది: తక్కువ ధరకు అమ్మితే బ్లాకులో కొని అమ్మేవాళ్లకే ఆ లాభం పోతుంది, అది కళాకారుడికే రావడం మేలు కదా అని. 2024 మేలో అమెరికా న్యాయశాఖ లైవ్ నేషన్ గుత్తాధిపత్యం మీద కోర్టుకెక్కింది.

కంపెనీల తప్పు ఎంతున్నా, ఈ పాత బ్యాండ్‌ల విషయంలో దాని కింద ఇంకో కారణం ఉంది. సరుకు పెరగదు, తరుగుతుంది. డెబ్బై దాటిన గాయకుడు వారానికి రెండు రాత్రులు పాడితే గొప్ప, వచ్చే ఏడాది ఉంటాడో లేడో. కొనేవాళ్లేమో ఇంటి అప్పులు తీరి, పిల్లలు స్థిరపడిన వయసులో ఉన్నారు. ‘ఇదే ఆఖరిసారి’ అన్న మాటకు ధర కట్టడం ఎవరికీ సాధ్యం కాదు, అందుకే ఆ మాట ఒక్కో బ్యాండ్ పదేళ్లపాటు చెప్తూనే ఉంటుంది.

మన దగ్గర ఇది ఎలా వచ్చింది

తెలుగు ఊళ్లకు ఈ పాటలు ఆలస్యంగా, వేరే దారిలో వచ్చాయి. 1991లో స్టార్ టీవీతో పాటు ఎంటీవీ ఇళ్లలోకి వచ్చింది, సరిగ్గా అప్పుడే స్కార్పియన్స్ ‘విండ్ ఆఫ్ చేంజ్’, బ్రయాన్ ఆడమ్స్ ‘ఐ డూ ఇట్ ఫర్ యూ’ ప్రపంచమంతా మోగుతున్నాయి, రెండోది బ్రిటన్‌లో వరసగా 16 వారాలు మొదటి స్థానంలో ఉంది. హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లో ఇంజినీరింగ్ హాస్టళ్లలో క్యాసెట్లు చేతులు మారాయి, గిటార్ పట్టిన ప్రతి కుర్రాడూ ఆ పాటల్లోని నాలుగు కార్డ్స్ (కలిపి మీటే స్వరాలు) నేర్చుకున్నాడు. అయితే కాన్సర్ట్ మాత్రం లేదు. ఇక్కడివాళ్ల యవ్వన జ్ఞాపకంలో పాట ఉంది, హాలు లేదు.

అది తీరడానికి చాలా ఏళ్లు పట్టింది. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చినప్పుడు దేశం నలుమూలల నుంచి రైళ్లెక్కి వెళ్లారు. 2024 డిసెంబర్‌లో బ్రయాన్ ఆడమ్స్ హైదరాబాద్‌లో పాడాడు, 2025 మేలో గన్స్ ఎన్ రోజెస్ ముంబైకి వచ్చింది. నలభై ఐదు, యాభై ఏళ్లవాళ్లకు ఇది ఇరవైల్లో దక్కని కాన్సర్ట్, వాళ్లు పాత అనుభవాన్ని మళ్లీ పొందడానికి కాదు, మొదటిసారి పొందడానికి వెళ్తున్నారు. అమెరికా వాడి బెంగతో దీనికి ఇక్కడే తేడా.

అదే మనస్తత్వం మన పాటల విషయంలో ఎలా ఉంటుందో చూడాలంటే ఇళయరాజా లైవ్ షోకి వెళ్లినా చాలు. 2022 ఆగస్టులో ‘పోకిరి’ సినిమాను మళ్లీ థియేటర్లలో వేసినప్పటి నుంచి మొదలైన రీరిలీజ్‌ల జోరు కూడా ఈ కోవలోదే, తెర మీద పాట వస్తుంటే హాలంతా లేచి పాడుతుంది. సినిమా ఫోన్‌లో ఉంది, యూట్యూబ్‌లో ఉంది. అయినా టికెట్ కొంటున్నారు, కారణం పక్కన పాడే జనం.

ఇక ముందు ఏమవుతుంది

బ్యాండ్‌ల ముందు ఉన్న సమస్య మొదట గొంతు. ఈ పాటల పల్లవులు 25, 30 ఏళ్ల గొంతు అందుకునే స్థాయిలో కట్టినవి. అందుకే చాలా బ్యాండ్‌లు ఇప్పుడు శృతి తగ్గించి వాయిస్తున్నాయి, మరీ పైకి వెళ్లే చోట మైక్ జనం వైపు తిప్పేస్తున్నాయి. జనానికి అభ్యంతరం లేదు, వాళ్లు అందుకోసమే వచ్చారు. కొన్ని బ్యాండ్‌లు గాయకుణ్ణే మార్చాయి. మొదటి సభ్యులెవరూ వేదిక మీద లేకుండానే ఫారినర్ పేరుతో షోలు నడిచాయి, హాళ్లు నిండాయి. అసలు బ్యాండ్ ఏది అని అడిగేవాళ్లు ఉన్నారు, ఆ ప్రశ్న న్యాయమైనదే, కానీ పల్లవి వచ్చేసరికి హాల్లో ఆ ప్రశ్న ఎవరికీ గుర్తుండటం లేదని కూడా కనిపిస్తోంది.

రెండో దారి డిజిటల్ బొమ్మలు. 2022 మేలో లండన్‌లో మొదలైన, స్వీడన్ పాప్ బృందం ఆబా వాళ్ల ఆబా వాయేజ్ షోలో నలుగురు కళాకారులూ తమ 70ల నాటి రూపాల్లో తెర మీద కనిపిస్తారు, దానికోసం 3,000 మంది పట్టే హాలు ప్రత్యేకంగా కట్టారు, ఇన్నేళ్లయినా నడుస్తోంది. కిస్ తన ఆఖరి షో రోజు రాత్రే తమ బొమ్మల్ని కూడా పరిచయం చేసింది. అయితే లండన్ షో చేసినవాళ్లు ఒక నిర్ణయం తీసుకున్నారు: పాడే మనుషులు తెర మీద బొమ్మలైనా, వాద్యాలు వాయించే పదిమంది బృందం మాత్రం వేదిక మీద నిజంగా ఉండాలని. మొత్తం రికార్డు చేసిన సంగీతంతో నడిపితే ఖర్చు ఎంతో తగ్గేది. జనం తమతో పాటు ఆ గదిలో ఇంకెవరో నిజంగా వాయిస్తున్నారని తెలిస్తేనే గొంతు విప్పుతారన్నది వాళ్ల అంచనా, ఇప్పటిదాకా టికెట్లు అమ్ముడవుతున్న తీరు చూస్తే ఆ అంచనా తప్పలేదు. గిటార్, డ్రమ్స్ మీద ఇంకా ఎక్కువగా ఆధారపడే హార్డ్ రాక్‌లో బొమ్మల షోలు నిలవాలన్నా ఈ ఖర్చు తప్పకపోవచ్చు.